కుడి అంచున మిణుకుమన్నది

సైరాకి ఎవరిమీదా గొప్ప అభిప్రాయం ఉండేది కాదు. కడపలో బీటెక్ ఎలక్ట్రానిక్స్ చదివేటప్పుడు లెక్చరర్ల మీద లేదు. కువైట్ వచ్చాక, అల్ రాయ్‌లో తను పనిచేసే రిపేరు షాపు మీద అసలే లేదు. ఇక షాపుకొచ్చే జనం సంగతి చెప్పక్కర్లేదు. లాప్‌టాప్ మీద టీ ఒలకబోసుకుని, "దానంతటదే ఆగిపోయింది" అంటూ తెచ్చేవాళ్ళ మొహం కేసి ఆమె ఒకసారి చూసేది. తర్వాత లాప్‌టాప్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. మాట మాత్రం అనేది కాదు. తిట్టినా బాగుండును అనుకుంటూ వెళ్ళేవాళ్ళు పాపం.

అలాంటి అమ్మాయి ముందు, ఒక శనివారం పొద్దున, ఖలీల్ అనే డ్రైవరు దుమ్ముకొట్టుకుపోయిన అట్టపెట్టె ఒకటి తెచ్చి, అప్పుడే తుడిచిన అద్దాల కౌంటరు మీద పెట్టాడు.

"ఏమిటిది?"

"కంప్యూటర్, మేడం."

సైరా రెండు వేళ్ళతో అట్ట ఎత్తి చూసింది. లావుపాటి కీబోర్డు ఒకటి, పసుపు తిరిగిపోయిన ప్లాస్టిక్. మీటల మీద అరబ్బీ అక్షరాలు, పక్కనే ఇంగ్లీషు అక్షరాలు. దాని కింద చుట్టలు చుట్టుకున్న వైర్లు, ఒక క్యాసెట్ ప్లేయరు.

"మా ఇంట్లో మైక్రోవేవ్‌కి దీనికన్నా తెలివెక్కువ."

"నలభై ఏండ్ల నాటిది మేడం. అప్పట్లో ఇండ్లల్లో ఇట్లాంటివే ఉండేవంట. టీవీకి తగిలిస్తే చాలు, పలుకుతాది." ఖలీల్ మొహంలో చిన్న గర్వం కూడా కనిపించింది. "నిన్న సూక్ అల్ జుమా సంతలో దొరికింది. ఇంకో ఆయన రేడియో అనుకోని చేతికి తీసుకుంటే, నేను లాక్కున్యా."

"ఆయన అదృష్టవంతుడు."

ఖలీల్‌కి చీమ కుట్టినట్టయినా లేదు. పైగా నవ్వాడు. రాయచోటి నవ్వు అని సైరా వెంటనే గుర్తుపట్టింది, ఎందుకంటే తనదీ ఆ ఊరే. ఆ సంగతి బయటపడకూడదని కౌంటరు దగ్గర ఎప్పుడూ హైదరాబాద్ ఆఫీసుల్లో మాట్లాడే తెలుగు మాట్లాడేది.

అప్పుడే మేనేజర్ ఖలందర్ లోపలినుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. షాపు యజమాని, పనివాళ్ళ వీసాలకి పూచీపడే కఫీల్ నాసర్ పేరు వినబడితే తప్ప ఆయన అంత వేగంగా కదలడు.

"సైరమ్మా, ఇది నాసర్ గారి తల్లిది. మిష్రిఫ్‌లో ఉండే పెద్దావిడ, అందరూ 'మామా' అంటారే, ఆమెది. ఈయన ఆమె డ్రైవరే. మామా దగ్గర పాత క్యాసెట్ ఒకటుంది. నాసర్ గారు పన్నెండేళ్ళప్పుడు ఇట్లాంటి కంప్యూటర్లోనే దానిమీద ఏదో రాసిపెట్టాడంట. ఆమె చూసేలోపే ఇరాక్ ఆక్రమణ రోజులొచ్చి ఆ కంప్యూటర్ పోయింది. క్యాసెట్ మాత్రం కుట్టుమిషన్ డబ్బాలో దాచుకుంది. ఇప్పుడు దాన్ని చూడాలంట."

"ఆయన్నే అడగొచ్చుగా, ఏం రాశాడో?"

"అడిగింది. ఆయనకు గుర్తులేదు." ఖలందర్ గొంతు తగ్గించాడు. "శుక్రవారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ భోజనానికి చేరతారు. ఆ లోపల ఇది పలికితే నీ కాగితం మీద సంతకం పెడతానన్నాడు. లేదంటే వేరే టెక్నీషియన్‌ని చూసుకుంటాడంట."

సైరా మూడు నెలల ట్రయల్ మీద ఉంది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ఈ నెలాఖరుతో అయిపోతుంది. షాపు పేరు మీద కొత్తది వస్తే ఇక్కడ ఉంటుంది, రాకపోతే రాయచోటికి టికెట్టు. అక్కడ ఆమె కోసం కాచుకుని ఉన్నది ఒక ఇంటర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ పని. పిల్లలకి బ్యాటరీ, బల్బు చూపించి చప్పట్లు కొట్టించుకోవడం. ఆ ఊహకే ఆమెకి ఒళ్ళు మండేది.

నాలుగు నెలల చదువు చదివినవాడు కూడా బాగుచేసే ఫోన్ల మధ్య తన బతుకు తెల్లారుతోందని రోజూ విసుక్కునే సైరాకి, ఆఖరికి తన తలరాత ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ పెట్టె చేతిలో పడింది.

*

గోదాములోనుంచి లావు టీవీ ఒకటి తెప్పించింది. వెనక ఎంత పొడవుందో అంత బరువూ ఉంది. తెర చుట్టూ అరచేతి మందాన ప్లాస్టిక్ చట్రం. మొదట కంప్యూటర్ పవర్ సప్లై విప్పింది. లోపల రెండు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. మార్చింది. స్విచ్ వేస్తే చిన్న ఎర్రదీపం వెలిగింది. టీవీలో చానెల్ వెతికింది. ముందంతా చుక్కల వాన, తర్వాత చారలు, ఆ తర్వాత ఉన్నట్టుండి నీలం.

వట్టి నీలం. అక్షరం లేదు, గీత లేదు.

సైరా తెరకి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, ఎడమవైపు పై మూలకేసి ఒక నిమిషం చూసింది. తను చూసిన కంప్యూటర్లన్నీ పలకరించేది ఆ మూలనుంచే. ఎంటర్ కొట్టింది. స్పేస్ కొట్టింది. మళ్ళీ ఎంటర్ కొట్టింది. టెక్నీషియన్లందరూ కొట్టేవి ఆ రెండే.

"మెమొరీ చిప్పులు పోయాయి," అని తీర్పు చెప్పింది.

ఖలీల్ కౌంటరుకి ఎడమ చివర, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "మేడం, ఆ కుడి అంచుకాడ ఏందో మిణుకుతాంది."

"పాత టీవీ. మిణుకుమనడం దాని పని. మీ పని పార్కింగ్. బయట పోలీసు చలానా రాస్తున్నాడేమో చూసుకోండి."

ఖలీల్ బయటికి వెళ్ళాడు. నిజంగానే చలానా రాస్తున్నాడు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఖలీల్ మళ్ళీ వచ్చాడు. మామాని జమియా సూపర్ మార్కెట్లో సామాన్ల దగ్గర దించి వచ్చాడట. చేతిలో ఫ్లాస్కు.

"మామా పంపించిందా?"

"నేనే పెట్టినా. ఈ షాపులో టీ తాగితే మనిషి మాట కూడా చేదయితాదని విన్యా."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలా. రెండుసార్లు మీతో మాట్లాడితే అర్థమయింది."

సైరాకి నవ్వొచ్చింది. దాన్ని టీతో పాటు మింగేసింది. ఖలందర్ పాత సామాన్ల సొరుగులో దొరికిన చిప్పుల్ని ఒక్కొక్కటే పీకి అతికిస్తూ కూర్చుంది. ఖలీల్ అదే ఎడమ చివర, అదే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. స్టూలు చూపించినా కూర్చోలేదు. ఎంత పనిలేనివాడు కాకపోతే ఇలా నిలబడతాడు అనుకుంది సైరా. సోమవారం నాలుగు కాకముందే తను వాకిలికేసి రెండుసార్లు చూసినట్టు గుర్తొచ్చి, తనమీద తనకే ఎంత వెటకారం పుట్టిందంటే, ఆ రోజు టీ వద్దనేసింది. పది నిమిషాల తర్వాత మూత తీసి తనే పోసుకుంది.

మంగళవారానికి ఎనిమిది చిప్పులూ మార్చేసింది. స్విచ్ వేసింది. అదే నీలం.

షాపులో ముగ్గురు కస్టమర్లున్నారు. లోపలినుంచి ఖలందర్ తొంగి చూస్తున్నాడు. శుక్రవారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. సరిగ్గా అప్పుడు ఎడమ పక్కనుంచి ఖలీల్ మెల్లగా అన్నాడు.

"మేడం, ఏమనుకోవద్దు. మళ్ళా మిణుకుతాంది. ఆ కుడిపక్కే. చిన్న గడి మాదిరి ఉండాది."

సైరా గిర్రున అటు తిరిగింది. "పదో తరగతి చదివి స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళ దగ్గర నేను ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలా? మీరు రోజూ వచ్చి గోడకి అంటుకోకపోతే ఈపాటికి ఇది అయిపోయేది."

కస్టమర్లలో ఒకాయన ఫోన్లోకి తలవంచుకున్నాడు. ఖలీల్ ఫ్లాస్కు కౌంటరు మీద పెట్టి, మూత సరిగ్గా బిగించి, "సరే మేడం," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే సైరాకి కొంచెం తేలిగ్గా ఉండేది.

బుధవారం నాలుగింటికి ఎవరూ రాలేదు. గురువారం వచ్చాడు కానీ టీ లేదు, గోడ దగ్గర నిలబడటమూ లేదు. "పలికినా పలక్కపోయినా సామానంతా ఇంటికి తెమ్మన్నాది మామా," అని ఖలందర్‌తో చెప్పి, కంప్యూటర్నీ టీవీనీ కారులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సైరా స్క్రూ డ్రైవర్లు సర్దుకుంటూ, మనిషి పోయినందుకా మెషీన్ పోయినందుకా తనకింత దిగులు అని తేల్చుకోలేకపోయింది. తేల్చుకోవడం ఇష్టంలేదు అనడం నిజం.

*

మంగఫ్‌లో వాళ్ళ ఫ్లాటు ముందుగదిలో, రోజూ సాయంత్రం సైరా తల్లి మహబూబ్ బీ బిల్డింగులో పిల్లలకి ఖురాన్ చదవడం నేర్పుతుంది. ఆ గురువారం సైరా ఇంటికొచ్చేసరికి కొత్తగా చేరిన రేహానా అనే ఆరేళ్ళ పిల్ల పుస్తకం ముందు కూర్చుని ఉంది. ఇంగ్లీషు బడిలో చదివే పిల్ల కాబట్టి వేలు తీసుకెళ్ళి వరసకి ఎడమ చివర పెట్టింది.

మహబూబ్ బీ పెన్సిలుతో ఆ వేలిని మెల్లగా తోసుకుంటూ కుడి చివరకి తెచ్చింది. "ఈడమ్మా మొదలు. నువ్వు అయిపోయినకాడ చూస్తాండావు. చూస్తే ఏం కనపడ్తాది?"

సైరా చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఐదేళ్ళప్పుడు ఆమెక్కూడా ఇదే పెన్సిలు, ఇదే వేలు. కుడినుంచి మొదలుపెట్టడం ఆమెకి పుట్టుకతో వచ్చినంత బాగా వచ్చు. కానీ కంప్యూటర్ ముందు కూర్చోగానే అది మరిచిపోయి ఎడమ మూలకే చూసింది. అరబ్బీ కీబోర్డున్న కంప్యూటర్, అరబ్బీ ఇంట్లో వాడటానికి చేసింది, మొదలుపెడితే ఎక్కడ మొదలుపెడుతుంది? కుడి చివర. ఆ కుడి చివర టీవీ చట్రం కింద దాక్కుని, అక్షరం ఎక్కడ పడాలో చూపే గడి మాత్రం చెప్పింది చేద్దామని ఆరు రోజులుగా మిణుకుతూ కూర్చుంది.

"ఓయమ్మా," అంది సైరా. హైదరాబాద్ ఆఫీసు తెలుగు ఆ గుమ్మంలోనే రాలిపోయింది. "ఎంత మొద్దుదాన్ని నేను."

"ఏమయింది?" అంది తల్లి.

"ఏం కాలేదు. బీటెక్ పాసైనా, అదే."

రసీదు పుస్తకంలో నంబరు చూసి ఖలీల్‌కి ఫోన్ చేసింది. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు.

"నేను, సైరా. షాపు."

"చెప్పండి మేడం."

"మీరన్న ఆ మిణుకు... అది నిజంగా గడిలాగే ఉందా? పలక ఆకారంలో?"

"నేను పదో తరగతే మేడం. గడి అనేది సరిగ్గా ఎట్లుంటాదో నాకేం తెలుసు?"

అది న్యాయమే అనిపించింది సైరాకి. "మంగళవారం నేను మాట్లాడింది తప్పు. నలుగురిలో అన్నాను. ఇప్పుడు ఒక్కదాన్నే ఒప్పుకుంటున్నాను. రేపు నలుగురిలో కూడా ఒప్పుకుంటాను."

"గడి మాదిరే ఉండాది," అన్నాడు ఖలీల్. "పదకొండుకు వస్తా. బిల్డింగు ముందుకు రాండి."

*

మిష్రిఫ్ విల్లా హాల్లో ముప్పై మంది ఉన్నారు. కంప్యూటర్ని చూడటానికి వచ్చినవాళ్ళు కాదు, మామాని ఆటపట్టించడానికి వచ్చినవాళ్ళు. మనవళ్ళు ఆ కీబోర్డుకి సెల్ఫీలు తీసుకున్నారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది కఫీల్ నాసరే. యాభైకి దగ్గరపడిన మనిషి, తెల్లటి పొడవాటి దిష్‌దాషాలో సోఫా నిండా కూర్చుని, "దీంట్లో నా జ్ఞానమంతా ఉంది, జాగ్రత్త," అని అందరికీ చెప్పి నవ్వించాడు. మామా మాత్రం క్యాసెట్టుని రెండు చేతుల మధ్య పెట్టుకుని, కుర్చీ తెర ముందుకు జరుపుకుని కూర్చుంది.

సైరా టీవీ వెనక ఉన్న మర సన్నగా తిప్పింది. నీలం మొత్తం ఎడమవైపు జరిగింది. కుడి చట్రం కిందనుంచి తెల్లటి గడి ఒకటి బయటికొచ్చింది. మిణుకుతోంది.

ఆమె మొదటిసారి ఎంటరూ స్పేసూ కాకుండా ఒక అక్షరం కొట్టింది. అది కుడి చివర పడి, గడి ఎడమకి జరిగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ జరిగింది. మీటలు ఒక్కొక్కటిగా, ఆరు రోజులు ఆమె వినని మాటలన్నీ చెప్పాయి.

క్యాసెట్ పెట్టింది. కీచుమని అరిచి ఆగిపోయింది. మనవళ్ళు చెవులు మూసుకుని పకపకా నవ్వారు.

"హెడ్డు మురికి పట్టింటాది," అన్నాడు ఖలీల్ వెనకనుంచి. "మా నాయన జీపులో టేప్‌రికార్డర్ ఇట్లే అరిచేది. అత్తరు దూదితో తుడిచేవాడు."

ఈసారి సైరా వెనక్కి తిరిగి చూడలేదు. చెయ్యి చాపింది. ఖలీల్ మామా కొలోన్ సీసా, దూది ఆ చేతిలో పెట్టాడు. తుడిచింది. సౌండు కొంచెం పెంచింది. మళ్ళీ కీచుమంది, ఈసారి ఆగలేదు. నాలుగు నిమిషాలు అరిచింది. ఎవరికీ నవ్వే ఓపిక మిగల్లేదు.

తర్వాత తెర మీద కుడినుంచి ఎడమకి ఒక్కొక్క అక్షరం, అరచెయ్యంత పెద్దది, వచ్చి నిలబడింది. యుమ్మా. అమ్మా అని. దాంతోపాటే కూనిరాగం లాగ ఐదు స్వరాలు మోగాయి. కింద చిన్న అక్షరాల్లో ఒక వరస: నీ కోసం చేశాను, నాసర్, పన్నెండేళ్ళు.

మామా తెరని చేత్తో తాకింది. నాసర్ తలమీద గుత్రా గుడ్డ సర్దుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నాడు, అది ముందే సరిగ్గా ఉంది.

తర్వాత ఇంగ్లీషులో సైరాని అడిగాడు. "శభాష్. ఏం పోయింది దాంట్లో?"

చిప్పులు పోయాయి అంటే సరిపోయేది. మార్చిన ఎనిమిది చిప్పులు నిజంగానే లోపలున్నాయి. ఎవరూ విప్పి చూడరు. సంతకం పడుతుంది.

"మొదటిరోజు పవర్ సప్లై. తర్వాత ఏమీ పోలేదు," అంది సైరా. "బాగున్న మెషీన్ని ఐదు రోజులు నేను విప్పదీశాను. అది కుడిపక్క మొదలవుతోందని మీ డ్రైవరు రెండుసార్లు చెప్పాడు. నేను అవమానించి పంపించాను."

నాసర్ కనుబొమలు పైకి లేచాయి. మామాకి ఇంగ్లీషు రాదు. ఖలీల్ వైపు తిరిగింది. ఖలీల్ అరబ్బీలో గబగబా చెప్పాడు. "చాలా పెద్ద రిపేరంట మామా. ఈమె కాబట్టి చేయగలిగిందంట."

మూడు నెలలు కౌంటరులో కూర్చున్న సైరాకి ఆ మాత్రం అరబ్బీ వచ్చు. "నేనట్ల చెప్పలా," అంది ఖలీల్‌తో, రాయచోటిలో. తర్వాత వచ్చీరాని అరబ్బీలో, వేలితో తనని చూపించుకుంటూ, మామాకి మళ్ళీ చెప్పింది. కంప్యూటర్ మంచిది. ఖలీల్ మంచివాడు. తప్పు నాది.

మామా ముందు ఖలీల్ని చూసింది, తర్వాత సైరాని, ఆ తర్వాత కొడుకుని. చూసినంతసేపూ పెదవి విరిచే ఉంది.

"నీ షాపువాళ్ళు ఇరవై ఏళ్ళుగా నా టీవీలూ ఫోన్లూ విప్పుతున్నారు," అంది నాసర్‌తో. "ఒక్కడంటే ఒక్కడు 'ఇది చెడలేదు, చెడింది నా బుర్ర' అని చెప్పాడా? ఈ పిల్లని పంపించేస్తే నీ షాపులో ఇంక మిగిలేది నువ్వూ నీ అబద్ధాలకోరులూ."

తెర మీద పన్నెండేళ్ళ నాసర్ పేరు ఇంకా అలాగే ఉంది. దాని పక్కన కూర్చుని వాదించడం ఇప్పటి నాసర్‌కి కుదరలేదు.

"యల్లా," అన్నాడు సైరాతో, సరే కానివ్వు అన్నట్టు. "రేపు కాగితం తీసుకురా."

*

మంగఫ్ దారిలో ఎండకి రోడ్డు తెల్లగా మెరుస్తోంది.

"ఎందుకు అబద్ధం చెప్పావు మామాకి?" అంది సైరా. మీరు నువ్వయిపోయిన సంగతి ఇద్దరూ గమనించారు, ఎవరూ దిద్దలేదు.

"మీరు ఇండియాకు పోతారని భయమేసె."

"పోతే నీకేం?"

ఖలీల్ అద్దంలో వెనక బండి చూసుకున్నాడు. వెనక బండేమీ లేదు.

సైరా వేరే దారిన వచ్చింది. "సరే, ఇది చెప్పు. ఎదురుగా కూర్చున్న నాకు ఆ గడి కనపడలేదు. చట్రం అంత మందం. ఎడమపక్క గోడకాడినుంచి, అట్ల ఏటవాలుగా చూస్తేనే కనపడ్తాది. రాత్రి లెక్కేసి చూసినా. రోజూ ఆ మూలే ఎందుకు నిలబడినావు? స్టూలు వేసినా కూర్చోలా."

"ఆడ ఫ్యాను గాలి వస్తాదని."

"ఫ్యాను ఇంకో పక్క ఉంది."

సిగ్నలు పడింది. ఖలీల్ బండి ఆపి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, ఎదురుగా చూస్తూ చెప్పాడు. "ఆ మూలనుంచి అయితే మీ మొగం బాగా కనపడ్తాది. నేను మిషన్‌ని చూడలా మేడం. మిమ్మల్నే చూస్తాంటి. ఆ గడి మధ్యలో అడ్డమొచ్చి కనపడె."

జీవితమంతా మనుషుల మొహాలు చూసి మూతి విరిచిన పిల్ల, తన మొహాన్ని ఒకడు నాలుగు రోజులు గోడకి ఆనుకుని, తిట్లు తింటూ చూశాడంటే ఏమనాలో తెలియక, కిటికీ వైపు తిరిగింది. కళ్ళు చెమ్మగిల్లాయి. అదంతా ఏసీ గాలి అని తనకు తను చెప్పుకుంది. నమ్మలేదు.

"ఏమి మనిషివప్పా నువ్వు," అంది చివరికి. "అట్ల చూస్తా నిలబడి, ఆ ఒక్క మాట గట్టిగా చెప్పలేకపోయినావా?"

"రెండుసార్లు చెప్తి. ఒకసారి పార్కింగ్‌కు పంపిస్తిరి."

"చలానా రాసినాడు కదా మరి. నేను చెప్పింది నిజమే అయింది."

"అవును మేడం."

"మేడం అనొద్దు."

సిగ్నలు పచ్చగా మారింది. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. ఖలీల్ బండి కదిలించడం మర్చిపోయాడు. మంచి డ్రైవరేనా వీడు అనుకుంది సైరా. ఈసారి అనుకోవడంలో నవ్వు కూడా ఉంది, దాన్ని మింగలేదు.

బిల్డింగు ముందు దిగి, తలుపు వేయబోయి ఆగింది.

"రేపు సాయంత్రం మా అమ్మ క్లాసు అయిపోయినాక ఇంటికి రా. మీవాళ్ళలో పెద్ద ఎవరన్నా ఉంటే తోడు తెచ్చుకో. మా అమ్మ నాకన్నా వెటకారం. ఏమన్నా పడాల."

"పడ్తా."

"ఇంకోటి." తలుపు సగం మూసి, మళ్ళీ తెరిచింది. "మా ఇంట్లో గోడకి ఆనుకోని మూల నిలబడొద్దు. నాకు ఎదురుగా కూర్చో. నేనూ చూడాల కదా."